మిరప చేను గట్టున కోసిన ఆకు

నా గుండెల మీద ఒక అబద్ధం కూర్చుని ఏళ్లయింది. చిన్న అబద్ధమే. నోట్లోంచి రావడానికి గుటక మింగినంత సేపు కూడా పట్టలేదు. బరువు మాత్రం ఏ పని చేస్తున్నా తెలుస్తూనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు మోస్తాను?

నాలుగో తరగతితో నా బడి ఆగిపోయింది. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం గట్టిది. వరంగల్‌లో మా వీధిలో ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో ఇప్పటికీ చెప్పగలను. సాయంత్రమైతే ఆడవాళ్లు మా గడప దగ్గర చేరేవారు. నేను చెప్పేదాన్ని, వాళ్లు వినేవారు. ఎక్కువగా మా పుట్టింటి ముచ్చట్లే. వర్ధన్నపేట దగ్గర మా చేను, తమ్ముడి ప్రేమ, నేను వెళ్తే చాలు మరదలు పొయ్యి మీద పెట్టే సర్వపిండి. "నీ అసొంటి పుట్టిల్లు ఎవలికున్నదే" అనేవారు. ఆ మాట వినడానికే చెప్పేదాన్నేమో.

అందులో సగం అప్పటికే నిజం కాదు. నాన్న పోయాక చేను తమ్ముడి పేరు మీదికి మారడానికి నా సంతకం అడిగారు. మా ఆయన వద్దన్నాడు. పెట్టేశాక ఇక నిన్ను పిలిచేవాళ్లుండరు అన్నాడు. కొన్నాళ్లు నాన్చి, చివరికి ఆయనకు చెప్పకుండా వెళ్లి పెట్టాను. నాన్చినందుకు తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. పిలవడం మానేశాడు. అంటే మా ఆయన అన్నదే అయింది. అది ఆయనకు తెలియకూడదు. తెలిస్తే బతికినన్నాళ్లు దెప్పుతాడు. కనుక నా ముచ్చట్లలో మరదలు సర్వపిండి చేస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో మా మేడ మీది గదిలోకి షాహీన్ అద్దెకు దిగింది. డోర్నకల్ పిల్ల. తండ్రి రైలు పట్టాల మీద పని చేసేవాడు. వాళ్ల ఇంట్లో అంత చదువు చదివింది ఈమె ఒక్కతే. ఇక్కడ కాలేజీలో నానో పరిశోధన చేసేది. నానో అంటే ఏమిటని అడిగితే, వెంట్రుకను నిలువునా వేల పోగులు చేస్తే ఒక్క పోగు ఎంత ఉంటుందో అంత సన్నటి వెండి రవ్వలు అని చెప్పింది. మా ఆయనకు షుగర్. కాలి వేలికి పుండు పడి మానకపోతే దవాఖానలో వేలు తీసేశారు. ఆ వెండి రవ్వలు కట్టు గుడ్డకు పట్టిస్తే అలాంటి పుండ్లలో చీము పట్టదట. అదే తన పని. ఆయన కాలు చూసినప్పుడల్లా ఆ పిల్ల కళ్లలో ఒక తొందర కనిపించేది.

ఆ రవ్వలు పుట్టడానికి ఏదైనా ఆకు ఉడికించిన నీళ్లు కావాలి. వెండి కరిగించిన నీళ్లలో అవి పోస్తే రంగు మెల్లగా డికాక్షన్‌లా మారుతుంది. మారితే రవ్వలు పుట్టినట్టు. ఆకు నేనే చెప్పాను. గడ్డి చామంతి. కొడవలి తెగితే నలిపి పెట్టుకునే ఆకు, పిల్లలు పలకలు తుడుచుకునే ఆకు. ఆమె చేసి చూసింది, కుదిరింది. అయితే ఎప్పుడూ ఒకే చోటి ఆకు కావాలి, పురుగుమందు తగలని చోటిది కావాలి అంది. మా తమ్ముడు మా పుట్టింటి చేలో కందులు, జొన్నలే వేసేవాడు, మందు వాసన ఎరగని నేల. "నేను వారం వారం పోతనే ఉంట బిడ్డా, వచ్చేటప్పుడు తెస్త" అన్నాను. ఎవరు అడిగారు నన్ను? గొప్పకు పోయి నేనే నెత్తిన వేసుకున్నాను. మొదట్లో ఒకసారి ఆమెను వెంట తీసుకెళ్లి గట్టు మీద నుంచి చేను కూడా చూపించాను. ఇంటికి తీసుకెళ్లలేదు. తమ్ముడు ఊళ్లో లేడన్నాను.

తర్వాత ప్రతి వారం బస్సెక్కేదాన్ని. చేను అవతలి గట్టు వైపు బస్సు దిగి, ఎవరి కంటా పడకుండా ఆకు కోసుకుని, బస్‌స్టాప్‌లో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తినేసి వచ్చేదాన్ని. వచ్చి, తమ్ముడింట్లో ఏమి తిన్నానో చెప్పేదాన్ని. ఎంత వివరంగా చెప్పేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఒక వారం మరదలు చూసింది. చేలో కలుపు తీసే ఆడవాళ్లున్నారు. వాళ్లందరూ వినేలా అరిచింది. "చూడుండ్రే! ఇయ్యాల ఆకులు తెంపుతాంది, రేపు చెల్కల పాలు అడుగుతది. ఇంకోసారి మా గట్టెక్కినవంటే మంచిగుండది వదినా." వాళ్లు నవ్వారు. నేను సంచి పట్టుకుని రోడ్డెక్కాను. కళ్లకు దారి కనబడలేదు.

ఖాళీ సంచితో ఇంటికెలా పోను? కొంత దూరం నడిచాక రోడ్డు పక్కన ఎవరిదో మిరప చేను. దాని గట్టు నిండా గడ్డి చామంతి. కోశాను. ఆకుల మీద సన్నగా నీలంగా ఏదో అంటుకుని ఉంది. కొంగుతో తుడిచాను. పూర్తిగా పోలేదు. సంచి అడుగున వేసి, పైన బాగున్న ఆకులు పరిచాను. ఆ పైన పరవడం ఉంది చూశారూ, అది పొరపాటున జరిగే పని కాదు.

ఆ వారం చేసిన మందు అంతకు ముందు ఎప్పుడూ లేనంత బాగా పనిచేసింది. ఆకును ఆమె కడిగే వాడిందట, అయినా అంటుకున్నది పూర్తిగా పోలేదన్నమాట. చీము పట్టించే, కంటికి కనబడని పురుగులు పెంచిన గాజు పళ్లెంలో మందు చుక్క వేస్తే చుట్టూ పురుగు చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని ఫోన్లో ఫోటో తీసి, మెట్లు దూకుతూ వచ్చి చూపించింది. బాలుషాయీ తెచ్చి మా ఆయన నోట్లో ముక్క కూడా పెట్టబోయింది, షుగర్ సంగతి మరిచిపోయి. ఆమెతో పరిశోధన చేయించే కాలేజీ సారు ఆ ఫలితం పెద్దవాళ్ల ముందు చెప్పాడు. కట్టు గుడ్డలు తయారు చేసే కంపెనీ ఒకటి ఆ వారం మందు సీసాను పరీక్షకు పట్టుకెళ్లింది.

తర్వాతి వారాల్లో నేను కాలువ పక్కనా, ఖాళీ ప్లాట్లలోనా ఏరుకొచ్చిన ఆకుతో అంత ఫలితం మళ్లీ రాలేదు. ఎన్నిసార్లు చేసినా రాలేదు. ఈలోగా కంపెనీ వాళ్లు చెప్పారు, ఆ సీసాలో వెండితో పాటు రాగి కూడా ఉందని. ఫలితం బాగా రావాలని నువ్వే కలిపావు అన్నాడట సారు.

ఆ రోజు వంటింట్లో నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. ముందు గదిలో మా ఆయన కాలు చాపుకుని కూర్చున్నాడు. షాహీన్ వచ్చి పీట మీద కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది కానీ ఏడ్చినట్టు తెలుస్తూనే ఉంది.

"పెద్దమ్మా, ఆ వారం ఆకులు ఎప్పటి చేన్లయేనా?"

"ఇంకేడికెళ్లి తెస్త బిడ్డా? మా తమ్ముని చేన్లయే."

"జర యాది చేస్కో. పక్క పొంటి మందు గిట్ల కొట్టిండ్రా?"

"మా దిక్కు మందు ముట్టరు. నువ్వు చూసినవు గదా."

ముందు గదిలోంచి మా ఆయన నవ్వాడు. "మీ పెద్దమ్మ పుట్టింటికి పోతే ఆకులే గాదు బిడ్డా, ఆకాశం గూడ తెంపుకొస్తది."

ఆమె కూడా కొంచెం నవ్వింది. "నాకు ఎరుకనే పెద్దమ్మా. సారు అడగమన్నడని అడిగిన. ఏమనుకోకు."

ఏమనుకోకు అంది. నాతో.

రాగి అన్న మాట వినగానే నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు మిరపకు తెగులొస్తే నాన్న అదే నీలం మందు కలిపేవాడు. రాగి మందు, చెయ్యి పెట్టకు అని కసిరేవాడు. అన్నీ గుర్తుండే నాకు అది గుర్తు రాకుండా ఉంటుందా? చెబితే ఏమయ్యేది? మా ఆయన దెప్పేవాడు. వీధిలో ఆడవాళ్లు మూతి తిప్పుకునేవారు. అంతే కదా. ఆ పిల్ల బతుకును దానికి సరితూచి, నా వైపే మొగ్గాను.

నా మాట నమ్మి ఆమె ఆఖరి ప్రయత్నం చేసింది. నేను చూపించిన చేనుకు తానే వెళ్లి, ఆకూ మన్నూ తెచ్చి పరీక్ష చేయించింది. రాగి లేదు. ఎలా ఉంటుంది? ఇక రాగి ఆమె చేతి నుంచే వచ్చిందని సారుకు రుజువైపోయింది. నా అబద్ధమే ఆమె మీద సాక్ష్యం చెప్పింది. పరిశోధన ఆపేశారు. గది ఖాళీ చేసేటప్పుడు నా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. పెద్దరికం అనుకుని ఉంటుంది.

ఈ మధ్య ఒక సాయంత్రం గడప దగ్గర అలవాటుగా పుట్టింటి ముచ్చట ఎత్తుకున్నాను. అందరూ వెళ్లాక మా ఆయన మెల్లగా అన్నాడు. "ఇంకెన్నొద్దులు చెప్తవే ఆ ముచ్చట? నీ మరదలు నిన్ను చేన్లకెళ్లి ఎల్లగొట్టిన సంగతి నాకు అప్పుడే ఎరుక. బస్సుల మీ ఊరోళ్లు చెప్పిండ్రు. చెప్పుకొని సంబరపడుతాంది తియ్, పోనీ అని ఊకున్న."

ఆయన ముందు పరువు పోకూడదని ఒక ఆడపిల్లను ముంచాను. ఆయనకు ముందే తెలుసు. జాలిపడి ఊరుకున్నాడు. ఆ జాలి కంటే దెప్పినా బాగుండేది. ఎవరి దగ్గర దాచాను నేను? ఎవరి కోసం?

షాహీన్ ఇప్పుడు డోర్నకల్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది. రంజాన్ నాడు నాకు ఫోన్ చేయకుండా ఉండదు. మొన్న మాటల్లో అంది, "ఏదో గిన్నె నేనే సరిగ్గ కడగలేదేమో పెద్దమ్మా. గిప్పటికీ పిల్లలకు ప్రయోగం చూపెట్టాలంటే కడిగిన గిన్నెనే మల్ల మల్ల కడుగుత." చదువు పోతే పోయింది, తన చేతుల మీద తనకు నమ్మకం లేకుండా చేశాను. అది తెలిసీ ఫోన్లో "ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాను. అంతకంటే సిగ్గు లేని మాట ఇంకోటి ఉంటుందా?

ఆమెకు చెబితే క్షమిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే ముందు ఆమెకు చెప్పను. అంత సులువుగా దొరికేది నాకొద్దు. ముందు ఆ సారు దగ్గరికి వెళ్లాలి. ఆయన నా మాట నమ్ముతాడో, గేటు దగ్గరే తిప్పి పంపుతాడో. వెళ్తానా? వెళ్తాననే అనుకుంటున్నాను. నా మాటకు నేనే పూచీ పడలేను, అది మీకూ తెలిసే ఉంటుంది ఈపాటికి.

రాగి ఆ పిల్ల కలపలేదు. నేను తెచ్చిన ఆకుతో వచ్చింది. ఆకు మీది ఆ నీలాన్ని నా కంటితో చూశాను. తెలిసే అబద్ధమాడాను. నా పాపం దీనితో తగ్గదు. కానీ ఇప్పుడు ఈ నిజం లోకంలో నాకు కాక ఇంకొకరికి తెలుసు. ఆ మాట రాశాక, చాలా రోజులకు, నిండుగా ఒక ఊపిరి తీసుకోగలిగాను.