చిటికెన వేలి దురద

కుళాయి కనిపించినా, సీసా కనిపించినా మూతిలో చిటికెన వేలు పెట్టి ఓసారి తిప్పితే గానీ ఆయన మనసు నిలవదు. అందుకే వేలు మేస్త్రి అని పేరు పడింది. ఒకసారి సోడా సీసాలో వేలు ఇరుక్కుపోతే భార్య సబ్బునీళ్ళు పోసి లాగింది. వేలు బయటికొచ్చాక ఈయన అన్న మొదటి మాట, "లోపల నున్నగానే ఉందే!"

రేసు కార్ల ఇంజన్ మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్లలో, పొగ బయటికి పోయే సొరంగాల్లాంటి పోర్టులను అరగదీయడం ఆయన వృత్తి. పోత పోసినప్పుడు మిగిలిన గరుకు తీసేస్తే ఇంజన్ హాయిగా ఊపిరి వదులుతుంది. ఎక్కువ తీశారా, గోడ చిల్లుపడి హెడ్డు తుక్కు కిందికి పోతుంది. లోపలి మలుపు దగ్గరికి కన్ను పోదు, వేలు పోతుంది. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క గోడకీ చిల్లు పెట్టలేదు.

ఆయన దగ్గరే పని నేర్చిన బావమరిది నిరుడు గాలి కొలిచే మిషను కొని, ఎదురుగానే షాపు తెరిచాడు. "ఇంకా వేళ్ళేంటి బావా, అంకెలు చూడాలి గానీ" అని కస్టమర్ల ముందే వెక్కిరించేవాడు. ఈ గొడవ తేల్చడానికి రేసు జట్టు ఓనరమ్మ నాలుగు పోర్టుల హెడ్డు ఒకటి ఇచ్చింది. చెరి రెండు. ఎవరి పోర్టుల్లోంచి గాలి ఎక్కువ పోతే ఏడాది పనంతా వాళ్ళదే. అవతలివాళ్ళ పోర్టులు ముట్టుకుంటే మాత్రం ఓడినట్టే. ఆ పని పోతే మేస్త్రికి మిగిలేది ఆయిలు మార్చడమే.

బావమరిది తన రెండూ చేసి హెడ్డు పంపాడు. మేస్త్రి తనవి ముగించి తుడుస్తుండగా వేలు పక్క పోర్టులోకి జారింది. మలుపు దగ్గర సన్నటి గట్టు తగిలింది. కంట్లో నలుసు పడ్డట్టయింది ఆయనకి. వెళ్ళి టీ తాగొచ్చాడు. అయినా గట్టు అక్కడే ఉంది.

"ఏమండీ, అది తమ్ముడిది. ముట్టుకోకండి" అంది భార్య.

"ముట్టుకోవట్లేదే, చూస్తున్నా."

ఆవిడ లోపలికెళ్ళగానే గ్రైండర్ ఒక్క నిమిషం మోగింది. ఒక్కదానికే చేస్తే అన్యాయమని రెండోదానికీ చేశాడు మహానుభావుడు.

ఓనరమ్మ ఎదుట హెడ్డును మిషను మీద పెట్టి చూస్తే మేస్త్రి పోర్టులు బాగున్నాయి. బావమరిదివి ఇంకా బాగున్నాయి. తను ముందు రాసుకున్న అంకెకీ దీనికీ పొంతన లేక అతను నోరెళ్ళబెట్టాడు.

"ఈ మలుపు ఇంత చక్కగా ఎలా తీశావయ్యా?" అని పోర్టు లోపల తడిమి చూస్తూ అడిగింది ఓనరమ్మ.

"అదీ... మిషన్లో..." అని నీళ్ళు నమిలాడు.

మేస్త్రికి నోరు మూసుకున్నా ఓటమే, తెరిచినా ఓటమే. కానీ అంత చక్కటి మలుపు గురించి ఒకడలా నసుగుతుంటే వినడం ఆయన వల్ల కాలేదు. "మిషనూ కాదు, నీ మొహమూ కాదు!" అని మొదలుపెట్టి, గట్టు ఎక్కడుందో, గ్రైండర్ రాయి ఏ వాలున పెట్టాలో పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు.

"అయితే మీరు వేలు పెట్టారన్నమాట" అంది ఓనరమ్మ.

"వేలొక్కటే కాదమ్మా, గ్రైండర్ కూడా" అన్నాడు, నిజాయితీగా.

పని బావమరిదికి పోయింది. ఆ సాయంత్రం మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్నే బావమరిది నాలుగు హెడ్లు తోపుడు బండి మీద వేసుకుని రోడ్డు దాటొచ్చాడు. "కొలవడం నా వంతు, మలుపులు నీ వంతు. నేనే వచ్చి అడిగానని అక్కకి చెప్పకు బావా."

"నీ పనులు చేసే ఖర్మ నాకేంట్రా? తీసుకుపో ఇక్కణ్ణుంచి!" అని మేస్త్రి కేకలు వేస్తూనే ఉన్నాడు. చిటికెన వేలు అప్పటికే మొదటి పోర్టులో ఉంది.