దొర ఇంటి ఫ్రేము

మా చెల్లెకు టీచరు ఉద్యోగం వచ్చిన సంగతి నాకు నందికొండలో తెలిసింది. అప్పుడు నేను అక్కడ డ్యాము పనిలో కూలీల హాజరు రాసేవాణ్ణి. మా ఊరివైపు మేస్త్రీ ఒకాయన పని మధ్యలో నా దగ్గరికి వచ్చి, "మీ చెల్లె పంతులమ్మ అయిందట గద! మీ బాపు మాత్రం మొకం ముడుసుకొని కూసున్నడు" అన్నాడు. సంతోషపడాల్సిన చోట బాపుకు కోపమెందుకో నేను ఇంటికి పోయేదాకా అర్థం కాలేదు.

ఉద్యోగం వచ్చింది మా ఊళ్లో కాదు. వాగు దాటి, గుట్టల నడుమ బాట పట్టి పోతే మూడు కోసుల అవతల ఉంది ఆ బడి. బస్సు లేదు. ఆ ఊళ్లోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉంటానని చెల్లె అంది. బాపు వినలేదు.

"పెండ్లిగాని పిల్ల పరాయి ఊర్ల ఒక్కతి ఎట్లుంటది? పొద్దుగూకేవరకు ఇల్లు చేరాలె. గట్లయితే చెయ్యి, లేకుంటే ఆ కొలువే వద్దు."

"హాస్టల్ల గిన్నేండ్లు ఉంటి గద బాపూ?"

"ఆడ గేటుకు తాళముండె."

మా కులంలో, మా చుట్టాల్లో, అంత చదివిన ఆడపిల్ల మరొకతె లేదు. బాపు దొర దగ్గర జీతమున్న మనిషి. అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. ఇంట్లో పుస్తకాలు పెట్టుకోవడానికి గూడు కూడా లేకుండా చదువుకుంది చెల్లె. ఆ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. మొదటి ఏడాది వేళకు వచ్చి సరిగా చేస్తేనే నిలుస్తుంది. రోజూ అంత దూరం నడిస్తే వేళకు అందుకోవడం కష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. చెల్లె నా వైపు చూసింది. బాపుతో నేను మాట్లాడతానని ఆమె ఆశ. నేను మాట్లాడింది వేరే.

"ఫికర్ చెయ్యకు. నీకు సైకిల్ కట్టిస్త."

ఆ రోజుల్లో కొత్త సైకిల్ అంటే పేరు రాయించి ఎదురుచూడాల్సిందే. అందుకని చాలామంది ఫ్రేము ఒకచోట, చక్రాలు ఒకచోట, చైను ఒకచోట కొని కట్టించుకునేవాళ్లు. డ్యాము మీద సూపర్వైజర్ల సైకిళ్లు చూసి చూసి నాకు ఆ విద్య అంతా తెలుసనుకున్నాను. చెల్లె హాస్టలులో ఉన్నప్పుడు అక్కడి వార్డెను అమ్మగారి లేడీస్ సైకిల్ మీద తొక్కడం నేర్చుకుంది. కాబట్టి ఆమెను ఏమీ అడగాల్సిన పని లేదనుకున్నాను. దుకాణానికి వెంట తీసుకుపోవాలన్న ఆలోచన అసలే రాలేదు. సైకిళ్ల దుకాణంలో ఆడపిల్ల నిలబడడం అప్పుడు మా వైపు ఎవరూ చూడలేదు.

నకిరేకల్లో ఒక దుకాణం ఉండేది. దాని ఓనరు మాటలతోనే బతికే మనిషి. పైకప్పు వాసానికి ఫ్రేములు వేలాడదీసి ఉన్నాయి. అందులో ఒకటి లేడీస్ ఫ్రేము, నల్లనిది, మొద్దుగా ఉంది. "ఇది జర బరువు సారూ. కని మన బజార్ల దొరికే సామాను ఏదైనా దీనికి కూసుంటది" అన్నాడు. నా చూపు అప్పటికే దాని పక్కదాని మీద ఉంది. ఆకుపచ్చ రంగు, అంచుల వెంట సన్నని బంగారు గీత. రంగు అక్కడక్కడ లేచిపోయింది గాని, ఒక్క చేత్తో లేపితే చాట లేపినట్టు లేచింది.

"అది ఆషామాషీది కాదు. గడిల నుంచి వచ్చింది. విలాయతిది. చిన్నదొర తొక్కిన బండి" అన్నాడు ఓనరు.

నాకు తెలుసు. ఆ బండిని నేను గుర్తుపట్టాను. నా చిన్నప్పుడు మా వాళ్లు ఎవరైనా దొర ఉండే ఆ గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. సైకిల్ ఉన్నవాడు దిగి నడిపించుకుని పోవాలి. ఆ గడి అరుగు మీద బాపు ఒక గుడ్డపేలిక పట్టుకుని ఈ బండి చువ్వలు ఒక్కొక్కటే తుడుస్తుంటే చూశాను. దొరలు పట్నం పోయారు, గడి సామానంతా అమ్ముడుపోయింది, ఇప్పుడు ఆ ఫ్రేము నా చేతిలో ఉంది. ఇంకేమీ తోచలేదు నాకు.

ఫ్రేము సరిపోతుందో లేదో చూడడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. సీటు కూర్చునే గొట్టం పై కొనను చంకలో ఆనించుకుని చెయ్యి కిందికి చాపితే, వేళ్ల కొసలు పైడల్ ఇరుసుకు తాకాలి. తాకితే ఆ ఫ్రేము నీ కొలత. నేను చంకలో పెట్టుకుని చెయ్యి చాపాను. సరిగ్గా తాకింది.

"మీకు కుట్టిచ్చినట్టే ఉన్నది సారూ!" అన్నాడు.

ఎవరి కోసమని అతను అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత మాటల మనిషైనా ఆ లేడీస్ ఫ్రేమే దింపేవాడని ఇప్పుడు అనుకుంటాను.

అక్కడి నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. దేవరకొండలో అందరూ వాడే పెద్ద చక్రాలు కొన్నాను. బిగించబోతే టైరు ఫోర్కుకు రాసుకుని తిరగదు. ఆ ఫ్రేము చిన్న చక్రాలకు చేసింది. చిన్నవి పట్నం నుంచి రావాలి. ఒక లారీ డ్రైవరును బతిమాలి తెప్పిస్తే రిమ్ములు వచ్చాయి, కానీ వాటికి ఉన్న చువ్వల బెజ్జాలకూ నేను కొన్న హబ్బుల బెజ్జాలకూ లెక్క కుదరలేదు. మళ్లీ పంపాను. చక్రాలు కుదిరేసరికి బ్రేకుల గొడవ. మనవైపు బ్రేకులకు ఇనుప కడ్డీలు ఉంటాయి. ఈ ఫ్రేము తీగ బ్రేకులకు చేసింది. కడ్డీ బిగించడానికి దాని మీద జాగానే లేదు. తీగ బ్రేకులు అడిగితే దేవరకొండ మెకానిక్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

అన్నిటికంటే పైడల్ ఇరుసు నన్ను ఏడిపించింది. ఇరుసుకు రెండు వైపులా మరలతో బిగించే గిన్నెలు ఉంటాయి. మన గిన్నె మర వేరు, ఆ ఫ్రేము మర వేరు. కొంచెం తిరిగి ఆగిపోయేది. మెకానిక్ వద్దంటున్నా వినకుండా పెద్ద పానా వేసి నేనే తిప్పాను. గిన్నె లోపలికి పోయింది, వంకరగా పోయింది. తర్వాత బయటికీ రాలేదు, సక్కగా కూర్చోనూ లేదు. చేతులకు గ్రీజు, నోట్లో బూతులు. ఆ బూతులు కూడా మెకానిక్ మీద, దుకాణపాయన మీద, పట్నం వ్యాపారుల మీద. నా మీద ఒక్కటి లేదు.

ఈ లోపల చెల్లె నడుస్తూనే ఉంది. వాన పడ్డ రోజు వాగు తగ్గేదాకా ఒడ్డున నిలబడేది. చేతిలో చెప్పులు, నెత్తి మీద పుస్తకాల సంచి. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను వదిలేవాళ్లు కాదు.

"ఏం పంతులమ్మా, మీ అన్న సైకిలే కడుతుండా, తాజ్‌మహల్ కడుతుండా?"

"తాజ్‌మహలైతే ఇయ్యాల్టికి అయిపోతుండె వదినే" అనేదట చెల్లె. ఇది అమ్మ నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అందరి ముందు నా పని మీద నవ్విందని చెల్లె మీద రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాను. ఆలస్యంగా వస్తున్నావని బడి పెద్దసారు ఆమెను అప్పటికే ఒకసారి హెచ్చరించాడని చెల్లె నాకు చెప్పలేదు. చెప్పే సందు నేను ఇవ్వలేదు.

చివరికి ఎట్లాగో నిలబెట్టి, వెనక బ్రేకు లేకుండానే, నందికొండ నుంచి వస్తున్న లారీ మీద వేసుకుని ఇల్లు చేరాను. వాకిట్లో స్టాండు వేసి, చెల్లెను పిలిచాను. ఆమె బయటికి వచ్చి, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"అన్నా, నడుమ గీ గొట్టమేంది?"

"విలాయతి ఫ్రేము. గాలిలెక్క పోతది."

"పోతది నిజమే. చీర కట్టుకొని దాని మీద నుంచి కాలెట్ల దాటియ్యాలె?"

"జర వంచుకొని ఎక్కు. నేను పట్టుకుంట."

నేను పట్టుకుంటే ఎక్కింది. కాలి వేలి కొస కూడా నేలకు అందలేదు. పైడల్ కిందికి పోయినప్పుడు ఆమె కాలు దాన్ని వదిలేస్తోంది. ఒక పక్కకు ఒరిగిపోతే అమ్మ వచ్చి పట్టుకుంది. చెల్లె దిగి, చీర సర్దుకుని, నన్ను చూడకుండా అడిగింది.

"ఇది నీకు కట్టిచ్చుకున్నవా, నాకా?"

బాపు పందిరి గుంజకు ఆనుకుని చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి ఫ్రేము మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు. "గిది తుడిచి తుడిచి నా చేతులు అరిగినయి. మళ్ల నా వాకిట్లకే తెచ్చినవారా!" అన్నాడు. అదీ నాకు తట్టలేదు. బాపు సంతోషపడతాడనుకున్నాను.

లేడీస్ ఫ్రేము కోసం మర్నాడే నకిరేకల్ పోయాను. అది ఎప్పుడో అమ్ముడైంది. "మీరే గద సారూ దాని దిక్కు చూడకపోతిరి" అన్నాడు ఓనరు. అప్పుడైనా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అడ్డగొట్టం కోసేసి, కిందికి దించి అతికిస్తే అదే లేడీస్ ఫ్రేము అవుతుంది కదా అనుకుని, నందికొండలో డ్యాము గేట్లకు వెల్డింగు చేసే అతన్ని పట్టుకున్నాను. మందపాటి ఇనుముకు అలవాటు పడ్డ మంట అది. ఆ సన్నని గొట్టానికి తగలగానే చీమిడిలాగా జారి బెజ్జం పడింది. ఇంకోచోట అతికించబోతే అక్కడా బెజ్జం. "వద్దంటే ఇనవైతివి అన్నా" అని అతను టోపీ తీసి పక్కన పెట్టాడు.

ఆ వారం ఇంటికి పోయేసరికి చెల్లెకు రెండో హెచ్చరిక అయింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లను పెట్టుకుంటామని పెద్దసారు చెప్పాడు. అన్నం తింటున్న బాపు ముందు కూర్చుని ఆమె సూటిగా అంది.

"బాపూ, నేను ఆ ఊర్లనే ఉంట. బడి పక్కన ఒక ముసలామె ఉంది. ఆమె ఇంట్ల ఉండుమన్నది. నీకు నమ్మకం లేకుంటే వచ్చి చూసిపో."

బాపు ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవురా?"

సరే బాపూ, ఉండనియ్యి అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అట్లా అంటే ఇన్నాళ్ల నా సైకిల్ ఏమైనట్టు? అందరూ నవ్వరా?

"ఇంకో వారం ఆగుదాం. వేరే ఫ్రేము చూస్తున్న" అన్నాను.

చెల్లె లేచి లోపలికి పోయింది. బాపు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే వాగు పొంగి, చెల్లె వేళకు బడి చేరలేకపోయింది. ఆమె జాగాలో ఇంకొకరు చేరారు. చెల్లె ఆ ఏడు అమ్మతో పాటు కలుపు తీయడానికి పోయింది. నేను వచ్చినప్పుడు అన్నం వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతకంటే ఏమీ లేదు.

మరుసటి ఏడు ఆమెకు అమ్రాబాద్ వైపు అడవి పక్కన ఒక బడిలో ఉద్యోగం దొరికింది. ఈసారి ఎవరినీ అడగలేదు. రేకుపెట్టె సర్దుకుని పోతున్నానని చెప్పింది. బాపు ఆ పెట్టెను భుజాన పెట్టుకుని బస్సు ఆగే చోటిదాకా మోశాడు. నేను వెనక నడిచాను. బస్సు వచ్చాక చెల్లె అమ్మను పట్టుకుంది, బాపు కాళ్లు మొక్కింది, నాతో "పోయొస్త" అని ఎక్కింది.

తిరిగి వస్తుంటే బాపు బాట మధ్యలో ఆగాడు.

"ఆనాడు నువ్వు ఊ అంటే నేను కాదనకపోదునురా. చదువుకున్నోనివి, నీకెరుక అని నీ మొకం దిక్కు చూసిన."

ఆయన జవాబు కోసం ఆగలేదు. పెట్టె మోసిన భుజం రుద్దుకుంటూ, అమ్మను వెంట రమ్మని, చేను వైపు తిరిగిపోయాడు.