ఆపా పెట్టని సంతకం

ల్యాబు పరీక్షల కిట్ల డబ్బా మూత తీయగానే చల్లదనం ముఖానికి కొడుతుంది. మంచు కరగలేదు కదా అని ఇప్పటికీ చేత్తో తడిమి చూస్తాను. అప్పుడు రెహానా ఆపా గుర్తొస్తుంది. కర్నూలు నుంచి వచ్చి సౌదీలోని బురైదాలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో చేరినప్పుడు నాకు పని నేర్పిన సీనియర్ ఆమె. హైదరాబాదు మనిషి. యాభై దాటిన వయసు, మోకాళ్ల నొప్పులు, ఎవరికీ తగ్గని గొంతు.

హార్మోన్ల పాఠం చాయ్ తాగుతూ చెప్పింది. "మెదడు ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపి అండాశయాన్ని లేపుతది బేటా. అండాశయంల కొన్ని కణాలు మగ హార్మోన్ చేస్తయి, పక్క కణాలు దాన్నే ఈస్ట్రోజెన్‌గ మారుస్తయి. ఎవరికన్నా చెప్పు, నమ్మరు! ఈస్ట్రోజెన్ సరిపోను ఉంటే మెదడు ఊకుంటది. అండాశయం పలకకపోతేనే అరుస్తది, ఎఫ్ఎస్‌హెచ్ పెరుగుతది." కాలేజీలో బట్టీపట్టిన ముక్క ఆ రోజు అర్థమైంది.

ఆ వేసవిలో కరీంనగర్ డ్రైవర్ భార్య, ఇరవై ఆరేళ్ల లత, పిల్లలు కలగడం లేదని పరీక్షకు వచ్చింది. "రిపోర్టు బాగలేదని వస్తే నన్ను మా అమ్మగారింటికి తోలేస్తరంట మేడం," అంది రక్తం ఇస్తూ. ఎఫ్ఎస్‌హెచ్ ముట్లుడిగినవాళ్లకు ఉండేంత వచ్చింది. నేను ప్రింటు తీశాను. ఆపా కాగితం లాక్కుంది.

"ఈస్ట్రోజెన్ మంచిగుంది. అండాశయం పలుకుతుంటే మెదడెందుకు అరుస్తది? నీ చెయ్యి ఇటియ్యి."

నా రక్తం పరీక్షించింది. నెలసరి క్రమం తప్పని నాకూ దాదాపు అంతే వచ్చింది. స్టోరులో విచారిస్తే, ఎఫ్ఎస్‌హెచ్ పరీక్షకు యంత్రాన్ని సరిచూసే ద్రావణం ఎండలో పడి ఉండి చెడిపోయిందని తేలింది.

మేనేజర్ కూడా హైదరాబాదువాడే. "ఈ వారం రిపోర్టులన్నీ తప్పంటే ఆసుపత్రి పరువేం గావాలె? వాటి మీదనే సంతకం పెట్టండి. లేకుంటే ఈసారి మీ ఇఖామా రెన్యూ కాదు, దేశం వదిలి పోవాల్సిందే," అన్నాడు.

"చెయ్యకు. నేను పెట్టను. అన్నీ మళ్ల చేస్త," అంది ఆపా.

మూడో రోజు కొత్త ద్రావణం వచ్చింది. లత ఫలితం మామూలుగా ఉంది. ఆ పిల్ల బయట బెంచీ మీద ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆపా ఆమె భర్తను పిలిచి, "ఇప్పుడు నీ పరీక్ష చేయించుకో, పో," అంది.

రెండు నెలలకు నిజంగానే ఇఖామా ఆపేసి ఆపాకు ఎగ్జిట్ వీసా కొట్టారు. పెట్టె సర్దడానికి వెళ్లి, "ఒక్క సంతకం పెట్టుంటే..." అన్నాను.

"బాధ లేదనుకున్నవా? పదహారేండ్లు చేసిన ఈడ. కానీ ఆ పిల్ల బతుకు మీద నా పేరుతోని అబద్ధం ఎట్ల రాయాలె?"

ఇప్పుడు సౌదీలోనే, జుబైల్‌లో ఒక ల్యాబుకు నేనే సీనియర్‌ని. పోయిన నెల ఒక డాక్టర్, సరిచూడని రిపోర్టు వెంటనే కావాలని అరిచాడు. పైవాళ్లకు చెబుతానన్నాడు. వాళ్ల నంబరు నేనే రాసిచ్చి, నమూనాను మళ్లీ యంత్రంలో పెట్టాను.