పీట అడుగున వ్యాగన్ ఎరుపు

మా తాత ఎ. కుప్పుస్వామి ముప్పై నాలుగేళ్లు రైల్వేలో గూడ్సు వ్యాగన్లకు రంగులు వేశాడు. ఇంటికి ఎవరొచ్చినా తన గురించి ఆయన చెప్పుకునే మాట ఒక్కటే. "నా సర్వీసు బుక్కులో ఒక్క రిమార్కు లేదు." ఆ మాట అంటూ గోడకున్న ఫ్రేము వైపు చూస్తాడు. రిటైరైన రోజు షెడ్డువాళ్లిచ్చిన కాగితం అందులో ఉంది. నటేశన్ నగర్‌లో మా వీధిలో గోడ తగాదా వచ్చినా, నీళ్ల తగాదా వచ్చినా, "కుప్పుస్వామి మామని పిలవండి, ఆయన చూసింది చూసినట్టు చెప్తాడు" అంటారు. అంటారు కాదు, అనేవాళ్లు.

ఆ పేరు నా వల్ల పోయింది. ఎలా పోయిందో రాస్తున్నాను. మాది తమిళం మాట్లాడే ఊరు. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. తాతకు తమిళ అక్షరాలే వచ్చు. ఆయన చదవలేని అక్షరాల్లో ఆయన సంగతి రాయడం ధైర్యమేమీ కాదని నాకు తెలుసు.

యోగానంద్ సార్ నేను చదివిన కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. కదిర్కామంలో ఆయన ఇంటి మేడ మీద గదంతా రైలు బొమ్మలే. బొమ్మలంటే ఆయనకు కోపం. "నమూనాలమ్మా" అని దిద్దుతారు. మీటర్ గేజి రోజుల్లో మా ఊరికి వచ్చిన గూడ్సు బండిని అరచేతిలో పట్టేంత వ్యాగన్లుగా చేస్తున్నారు. చక్రాలు, తలుపు గొళ్లేలు, రివెట్లు అన్నీ కుదిరాయి. రంగు కుదరలేదు. ఒక పుస్తకం ఇటుక రంగు అంటుంది, ఇంకొకటి చాక్లెట్ రంగు అంటుంది. పాత ఫోటోలు వెలిసిపోయి అన్నీ నారింజ రంగులోకి తిరిగాయి. లైబ్రరీలో నేను పుస్తకాలు వెతికి ఇస్తుంటే ఆయన విసిగిపోయి, "ఆ రంగు కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా మిగిలి ఉండరా కీర్తికా?" అన్నారు.

నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడే మనిషిని కాను. తరగతిలో నా పేరు పిలిస్తే చెయ్యెత్తడానికి కూడా ఆలోచించేదాన్ని. కానీ ఆ రోజు నోట్లోంచి వచ్చేసింది. "మా తాతే వేశాడు సార్."

మరుసటి ఆదివారమే ఆయన అగ్గిపెట్టెంత అట్టముక్కల మీద పదకొండు రకాల ఎరుపులు వేసి, నంబర్లు రాసి తెచ్చారు. తాత తన పీట మీద కూర్చుని ఒక్కొక్కటీ చూశాడు. ఆయన నేల మీద కూర్చోవాలన్నా, అన్నం తినాలన్నా ఆ పీట మీదే.

"ఇది కాదు. ఇదీ కాదు. ఇది గుడి గోడకి కొడతారే, అదిగదా?"

"మరి ఎట్లుంటుంది మామా?"

"డబ్బాలో వచ్చే రంగు కాదయ్యా అది. ఎర్రపొడి వస్తుంది. దాంట్లో ఉడికించిన అవిసె నూనె పోసి మేమే కలపల్ల. కలిపి ఒక్క బొట్టు ఎడమ బొటనవేలి గోరు మీద వేసుకుని, ముందు దినం కొట్టిన వ్యాగన్ పక్కన పెట్టి చూస్తాము. నీడలో చూడల్ల. ఎండలో చూస్తే ఎండ అబద్ధం చెప్తుంది."

లోపల్నించి మా అవ్వ వసంతమ్మ అందుకుంది. "వ్యాగన్‌కి గోరు పెట్టి చూసినాడు గానీ, యాబై ఏండ్లలో నాకు ఏ రంగు చీర నప్పుతుందని ఒక్క దినం చూసినాడా, అడుగు సార్!"

యోగానంద్ సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. తాత సిగ్గుపడ్డాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. తాత పని గురించి అంతవరకూ ఎవరూ ఆయన్ని అడగలేదు, నేను కూడా.

ఐదు ఆదివారాలు అలా గడిచాయి. పొడి తెచ్చారు, నూనె తెచ్చారు. తాత కలిపి గోటి మీద వేసుకుని వాకిట్లో వేపచెట్టు నీడకు వెళ్లి చూసేవాడు. మెల్లగా ఆయన ముఖం మారడం మొదలైంది. రెండేళ్ల క్రితం కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకు తెలుపు కూడా కాస్త నీలంగా కనిపిస్తోందట. "కుదిరినట్టే ఉంది, కుదర్లేదు. నా కన్నే నాకు సాక్ష్యం చెప్పడంలేదు పాపా" అన్నాడు. "పక్కన పెట్టి చూడడానికి పాతది ఒక్క ముక్క ఉంటే..." అని ఆగిపోయాడు. అవ్వ వంటింట్లోంచి ఒకసారి తొంగి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు తర్వాత అర్థమైంది.

యోగానంద్ సార్ తన వ్యాగన్లతో పెడుతున్న ప్రదర్శనకు పది రోజులుంది. ఆ మంగళవారం అవ్వ, తాత గుడికి వెళ్లారు. వంటింటి కుళాయి చెడిపోయి నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. తడవకూడదని నేను తాత పీట తీసి గోడకు నిలబెట్టాను.

మా ఇంట్లో ఎవరూ చేయని పని అది. అందరి ఇళ్లలో భోజనాలయ్యాక పీట గోడకు చేరుస్తారు. మా ఇంట్లో చేర్చకూడదు. ఎక్కడికి మార్చాలన్నా బల్లపరుపుగానే జరపాలి. "పీట నిలబెడితే లక్ష్మి జారిపోతుంది" అని అవ్వ నా చిన్నప్పట్నించి చెప్పేది. ఎమ్మేలో ఇంటి ఆచారాల మీద ప్రాజెక్టు రాసినప్పుడు ఈ సంగతి కూడా చేర్చి, మా ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో అరుదైన నమ్మకం అని ఒక పేరా రాశాను. దానికి మంచి మార్కులే వచ్చాయి.

పీట అడుగున ఎరుపు. గోధుమ రంగుకు దగ్గరగా, కాస్త నల్లబారిన ఎరుపు. యాభై ఏళ్లుగా ఎండ తగలని రంగు కనక ఎక్కడా వెలిసిపోలేదు. దాని మీద తెల్లగా అచ్చువేసిన నాలుగు, ఏడు, ఆ పక్కన రంపంతో సగానికి కోసేసిన ఇంకో అంకె.

నాకు ఆ క్షణం ఏ అనుమానమూ రాలేదని చాలా రోజులు చెప్పుకున్నాను. వచ్చింది. ఇన్ని వారాలు పీట మీదే కూర్చుని "పాతది ఒక్క ముక్క ఉంటే" అన్న మనిషి, కింద ఏముందో ఎందుకు చెప్పలేదని అనిపించింది. మరిచిపోయి ఉంటాడులే అని నాకు నేనే జవాబు చెప్పుకుని ఫోటో తీశాను. కనుక్కున్నది నేను కదా! ఎవరికీ పనికిరాని చదువు చదివిందని అనిపించుకున్న నేను, ఐదు వారాల చిక్కు విప్పాను. చాకు మొనతో గోరంత పొర గీకి కాగితంలో మడిచి, ఆ సాయంత్రమే కదిర్కామం వెళ్లి ఫోటోతో సహా యోగానంద్ సార్‌కి ఇచ్చి వచ్చాను. "తాతకు చెప్పకండి సార్. అక్కడే చూసి ఆశ్చర్యపోవాలి" అన్నాను కూడా.

ప్రదర్శన ఒక బడి హాల్లో పెట్టారు. తాత ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని వచ్చాడు. యోగానంద్ సార్ షెడ్డులో పనిచేసిన పాతవాళ్లను కూడా వెతికి పిలిచారు. వాళ్లలో శివలింగం అని ఒకాయన, అప్పట్లో షెడ్డులో మేస్త్రి. ఆయనా తాతా చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఊపుకున్నారు.

గాజుపెట్టెలో ఏడు వ్యాగన్లు, ఏడూ ఆ ఎరుపులోనే. తాత వంగి చూశాడు. బొటనవేలు గాజు దగ్గర పెట్టి చూశాడు. "ఇదే" అన్నాడు మెల్లగా. "ఇదే పాపా! ఎట్ల దొరికింది?"

నేను గోడ వైపు చూపించాను. అక్కడ తలుపంత ఫోటోలో మా పీట, అడుగు భాగం. కింద తమిళంలో రాసి ఉంది. "అసలు వ్యాగన్ పలక. ఇచ్చినవారు ఎ. కుప్పుస్వామి, రిటైర్డ్ పెయింటర్."

తాత చదివాడు. చదివి, ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగాడు.

శివలింగం మాత్రం కళ్లజోడు సర్దుకుని అంకెలు చూసి గట్టిగా నవ్వాడు. "డేయ్ కుప్పూ! ఇది ఆ పలక కాదూ? రిపేరుకని విప్పి పెట్టింటే తెల్లారేసరికి లేకుండా పోయిందే! ఒక వారం వెతికినాము గదరా! దీని కోసమే కదా మనతో పనిచేసే మునిని దొంగ అని గేటు కాడ చొక్కా, పంచె విప్పించి నిక్కరుతో నిలబెట్టింది! నీ ఇంట్లోనే ఉందా ఇది? గట్టి ఆసామివిరా నువ్వు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు, పాత సంగతికి నవ్వే నవ్వు. మా వీధివాళ్లు కూడా ఇద్దరున్నారు, వాళ్లూ నవ్వారు. తాత ఎడమ బొటనవేలు పిడికిట్లో దాచుకుని నిలబడ్డాడు. నేను యోగానంద్ సార్ వెనక్కి జరిగాను. అవును, ఆ సమయంలో నేను తాత పక్కకు వెళ్లలేదు. ఆయన ఒక్కడే హాలు దాటి బయటకు నడిచాడు.

ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు. అవ్వ మాత్రం రాత్రి అన్నం పెడుతూ చెప్పింది. మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు అవ్వకి గాజులు తొడిగే వేడుక చేశారట. కూర్చోబెట్టడానికి పక్కింటి పీట తెచ్చారు. తాత అక్క అందరి ముందూ, "కోడల్ని కూర్చోబెట్టేదానికి ఒక పీటకు గతిలేని ఇల్లు" అందట. తర్వాత నాలుగు రోజులకు తాత ఈ పలక తెచ్చాడు. పైభాగం చిత్రిక పట్టి, పద్మం ముగ్గు గీశాడు. అడుగు మాత్రం చిత్రిక పట్టలేదు. తను వేసిన రంగు గీకేయడానికి చెయ్యి రాలేదట.

"లక్ష్మి జారిపోతుందన్నావు కదవ్వా?"

"మరి ఏమని చెప్పమంటావు? రైలు నంబర్లు కనబడతాయి, ఎత్తొద్దు అని చెప్పల్లా?" అంది. గిన్నె మీద మూత పెట్టి, "నువ్వు దాన్ని పుస్తకంలో రాసినానంటే ఆ దినమే నా గుండె జల్లుమనింది" అంది.

ఆ పేరా ఇంకా యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది.

మర్నాడు యోగానంద్ సార్ ఫోన్ చేసి ఫోటో తీసేస్తానన్నారు. వ్యాగన్లు కూడా తీసేయమంటే తీసేస్తానన్నారు. తాతను అడిగితే, "ఫోటో ఆయన ఇష్టం. వ్యాగన్లు తీయొద్దని చెప్పు. రంగు సరిగ్గా వచ్చింది" అన్నాడు. అప్పట్నించి ఆయన పీట మీద కూర్చోలేదు. ఫ్రేము గోడ మీదే ఉంది, కానీ దాని వైపు చూడడం మానేశాడు. నాలుగో రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని, "పాపా, పీట ఎత్తుకో. కిరుమాంబాక్కం పోవల్ల" అన్నాడు.

కిరుమాంబాక్కంలో ముని ఇల్లు వెతకడం కష్టం కాలేదు. పలచగా, పొడుగ్గా ఉన్న ముసలాయన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య సౌభాగ్యం వేరుశనక్కాయలు వలుస్తోంది. తాతను గుర్తుపట్టి ముని ముఖం విప్పారింది. "కుప్పన్నా! యాడికి పోయినావన్నా ఇన్నేండ్లు?"

తాత కూర్చోలేదు. "ముని, ఆ పలక తీసుకుపోయింది నేనురా" అన్నాడు.

"ఏ పలక?"

తాత చెప్పాడు. గేటు దగ్గర నిలబెట్టిన సంగతి, నిక్కరు సంగతి, తను అప్పుడు పదడుగుల దూరంలో బ్రష్షు కడుక్కుంటూ తల దించుకున్న సంగతి, అన్నీ వరసగా చెప్పాడు. ముని ముఖంలోంచి ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. కాయలు వలుస్తున్న సౌభాగ్యం చేతులు ఆగిపోయాయి.

"మరిచిపోయి చాలా ఏండ్లయిందన్నా" అన్నాడు ముని చివరికి. "నా పెండ్లానికి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆమె ముందర చెప్పినావు."

తాత నా చేతిలోంచి పీట తీసుకుని, అడుగు కనబడేలా ఆయన ముందు పెట్టాడు. 

సౌభాగ్యం లేచి లోపలికి వెళ్లింది. మూడు లోటాల మజ్జిగ తెచ్చి, మొదటిది మొగుడి చేతికిచ్చి, ఆయన తాగేదాకా ఆయన కుర్చీ పక్కనే నిలబడింది. ఆ తర్వాతే మాకు ఇచ్చింది.

"పీట నీ దగ్గర పెట్టుకో" అన్నాడు తాత.

"నేనేం చేసుకోనన్నా? మోకాళ్లు వంగవు" అన్నాడు ముని. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే తాతకు నయంగా ఉండేది. గుమ్మం దాటుతుంటే, "రంగు బాగుంది. నువ్వు కొట్టిందేనా?" అని మాత్రం అడిగాడు. తాత తలూపాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన తాత, పక్కన నేను. పీట నా ఒళ్లో, అలవాటు ప్రకారం ముగ్గు పైకి, ఎరుపు కిందికి. నేను క్షమించమని అడగాలనుకున్నాను. ఇంటి దగ్గర్నించి ఆ మాటను మనసులో ఎన్నో రకాలుగా రాసి కొట్టేస్తూ వచ్చాను. అడగలేదు. తాత నిజం చెప్పడంతో మునికి ఏమైందో చూశాక, ఆ మాట ఎవరి బరువు దించడానికో నాకు తెలియలేదు.

కొంత దూరం పోయాక తాత చెయ్యి చాపి పీటను తిప్పాడు. అంకెలు పైకి వచ్చాయి.

ముందు సీట్లో పూలబుట్టతో ఉన్నామె వెనక్కి తిరిగి చూసి, "ఏంది తాతా అది, రైలు నంబరా?" అంది.

"అవునమ్మా, రైలుదే. దొంగతనంగా తెచ్చుకున్నా."

ముసలాయన తమాషా చేస్తున్నాడనుకుని ఆమె నవ్వింది. తాత నవ్వలేదు. నేను బోర్లా తిప్పుదామని చెయ్యి పెట్టి, తీసేశాను. ఊరు వచ్చేదాకా ఆ ఎరుపు నా ఒళ్లో అలాగే పైకి ఉంది.