రోడ్డు మీద ఆరబోసిన ఉలవలు

నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిసిన తర్వాత. కన్నడ సీమలో చేరిన మా తెలుగు ఊళ్ళో ఉన్నది కన్నడ బడి. దానికి కూడా పంపకుండా నన్ను గొర్రెల వెంట తోలారు. మడకశిర వైపు నుంచి వచ్చిన కోడలు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నాకు తెలుగు దిద్దించింది. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఇన్నాళ్ళకైనా నా కోపం చల్లారలేదు.

సోలార్ పార్కులో పలకల కింద గడ్డి కోసే పని నాది. మా ఆయన గొర్రెల మందను కూడా ఆ గడ్డి మేయడానికి గేటు లోపలికి రానిచ్చేవారు. మా ఊరివాడే అయిన సూపర్‌వైజరు ఏటా తన ఉలవలను పార్కు లోపలి తారురోడ్డు మీద ఆరబోసేవాడు. మా వైపు అందరం అదే చేస్తాం. బండ్లు పక్కగా పోవాలని చుట్టూ రాళ్ళు పేరుస్తాం. బండ్లవాళ్ళకు ఆ సంగతి తెలుసు. పైనుంచి దిగేవాడికి ఎట్లా తెలుస్తుంది?

పలకల ఫోటోలు తీయడానికి, నెత్తిన పెద్ద రెక్క తిరిగే చిన్న విమానం ఒకటి వచ్చింది. జైరోప్లేన్ అంటారట. మేము ఫ్యాను విమానం అన్నాం. అది ఆ రోడ్డు మీదే దిగింది. చక్రం రాయికి తగిలి పక్కకు ఒరిగింది. రెక్క తారుకు కొట్టుకుని ముక్కలై పలకల మీదికి ఎగిరింది. నడిపే అతని కాలు విరిగింది. మేము ఆడవాళ్ళం అతన్ని బయటికి లాగుతుంటే సూపర్‌వైజరు ఉలవలు గోనెలకెత్తుతున్నాడు. ఆ తర్వాత రాళ్ళన్నీ కంప వెనక్కి విసిరేశాడు.

విచారణకు వచ్చిన ఆఫీసర్లకు హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. మా మాటలు వాళ్ళకు చెప్పడానికి నిలబడింది ఆ సూపర్‌వైజరే.

"రోడ్డు మీద ఉలవలు పోసినారు సారూ, సుట్టూ రాళ్ళు పెట్టినారు. ఈయప్పే పెట్టినాడు" అని వేలు చూపించాను.

అతను హిందీలో ఏదో చెప్పాడు. అందులో బకరీ అన్న మాట వినిపించింది. సంతలో మేకల బేరగాళ్ళ నోట ఎన్నోసార్లు విన్న మాట. నేను మేకల మాట గానీ గొర్రెల మాట గానీ ఎత్తనే లేదు.

"బకరీ యాడిదప్పా? మా మంద ఆ పొద్దు ఈడ లేనే లేదు. ఎరువుకని మంగళవాడ ఊరి చేన్లో కట్టింటిమి కదా?"

"గమ్మునుండక్కా, నీకు మేలయ్యేదే చెప్తాండా" అని నవ్వాడు. తోటి ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. పని పోతుందని వాళ్ళ భయం.

గొర్రెలు అడ్డం వచ్చాయని తేల్చారు. కాలు విరిగిన అతనికి, ఎదురుగా ఏదో కనిపించిందన్నంత వరకే గుర్తు. మందకు గేటు మూశారు. మేత లేక మా ఆయన గొర్రెలన్నిటినీ సంతలో అమ్మేసి, కర్రను చూరులో దోపాడు. "ఇమానం కూలగొట్టినోడు వచ్చినాడ్రో" అని టీ అంగడి దగ్గర నవ్వేవాళ్ళు. ఆయన అటు పోవడం మానేశాడు. చేయని తప్పుకు తల దించుకుని తిరిగే మనిషికి రోజూ అన్నం పెట్టాను.

మొన్న ఆ సూపర్‌వైజరు పంచాయితీ ఎన్నికలకు నిలబడి, రోడ్డు వైపున్న మా గోడ అడగడానికి వచ్చాడు.

"అక్కా, నీ గోడ మీద నా పేరు రాయించుకుంటా."

"రాయించుకో. ముందు సున్నం కొట్టియ్యప్పా, మాసిపోయిండాది."

సాయంత్రానికల్లా మనుషులను పెట్టి తెల్లగా కొట్టించాడు. మళ్ళీ పొద్దున వస్తామని వాళ్ళు రంగు డబ్బా, కుంచె మా అరుగు మీదే వదిలిపోయారు.

మరునాడు తెల్లవారగానే ఆ కుంచె అందుకుని, గోడ నిండా పెద్ద అక్షరాలతో రాశాను. జనం చేరారు. కాసేపటికి అతనూ వచ్చాడు. కన్నడ బడిలో చదివినవాడు, తెలుగు చదవడం రాదు.

"ఏంది అక్కా, నువ్వే రాసినావా? నా పేరేనా?"

"నీ పేరే. చదివి చెప్తా, నిలబడు."

అందరికీ వినబడేలా చదివాను. రోడ్డు మీద ఉలవలు ఎవరివో, చుట్టూ రాళ్ళు పెట్టిందెవరో, వాటిని కంప వెనక్కి విసిరిందెవరో, ఆ పొద్దు మా మంద ఎక్కడుందో, ఉన్నది ఉన్నట్టే చదివాను. అతను పోబోతుంటే మా ఆయన గడపలో నిలబడి అన్నాడు, "ఇంకోసారి చదువు."

మళ్ళీ మొదటి నుంచి చదివాను.