పాతిక అలంకారాలు, ఒక కుర్ర సారు

ఆ వయసులో నాకు తెలియదని ఒప్పుకోవడం చేతనయ్యేది కాదు. తెలిసినట్టు తలాడించడం మాత్రం బాగా వచ్చు. నాన్న బొగ్గుబాయిలో దిగి చదివిస్తే, నేను పరీక్షకు వారం ముందు గైడ్లు బట్టీపట్టి ఇంగ్లీషు డిగ్రీ గట్టెక్కించాను (ఈ సంగతి ఆయనకు ఈనాటికీ చెప్పలేదు). ఆ డిగ్రీతోనే దమ్మపేట అవతల, అడవి అంచునున్న హైస్కూల్లో ఏడాది కాంట్రాక్టు మీద ఇంగ్లీషు సారునయ్యాను.

పదో తరగతికి అలంకారాలు చెప్పాల్సి వచ్చింది. సిమిలీ అంటే ఒకటి ఇంకొకదానిలా ఉందనడం, అంతవరకు తెలుసు. పర్సోనిఫికేషన్, హైపర్బొలీ, ఆక్సీమొరాన్ అనబోతే నాకే నాలుక తిరిగేది కాదు. పుస్తకంలో పాతిక పదాలు, తరగతిలో పాతికమంది. గది ఊడ్చే వంతులు పంచినట్టు తలా ఒక పదం పంచేశాను. ఎవరి పదం అర్థం వాళ్ళే గైడులో చూసుకోవాలి, సొంతంగా ఒక ఉదాహరణ తేవాలి. హాజరు కూడా ఆ పేర్లతోనే. "సిమిలీ" అని పిలిస్తే ముందు బెంచీ అమ్మాయి "ప్రెజెంట్ సార్" అనేది. ఇదొక కొత్త పద్ధతని పెద్దసారు దగ్గర గొప్పలు పోయాను. నిజానికి ఆ పాతికా నేను చదవకుండా తప్పించుకునే ఉపాయమది.

మార్చిలో తనిఖీకి అధికారి వస్తున్నారని కబురొచ్చింది. పెద్దసారు నన్ను పక్కకు పిలిచారు. "ఆయన ఇంగ్లీషు చదివిన మనిషి. నీ క్లాసుకే వస్తడు. బాగుందని రాస్తేనే వచ్చే ఏడు నువ్వు ఈడ ఉంటవు. లేకుంటే నా చేతుల ఏం లేదు."

నేను బెదరలేదు. ఆయన పదం అడుగుతారు, అది ఎవరిదో వాళ్ళను నేను లేపుతాను, అంతే కదా (నా తెలివికి నేనే మురిసిపోయాను).

అధికారి రానే వచ్చారు. నేను సుద్దముక్క పట్టుకుని ముందుకు కదలబోతే, "మీరు కూర్చోండి సార్, నేనే అడుగుత" అని వెనక బెంచీ వైపు వేలు చూపించారు. "నువ్వు లెవ్వు. పర్సోనిఫికేషన్ అంటే ఏంది?"

లేచినవాడు ఆక్సీమొరాన్. పర్సోనిఫికేషన్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నాన్న ముఖం నా కళ్ళముందు కదిలింది.

"మనిషి కానిదాన్ని మనిషి లెక్క చెప్పుడు సార్" అన్నాడు వాడు తాపీగా. "మా ఊరి బస్సు వానకాలం అలుగుతది. పిలిచినా రాదు."

అధికారి నవ్వారు. ఇంకొకరిని లేపారు, ఇంకొకరిని లేపారు. అలిటరేషన్ లేచి మెటఫర్ చెప్పాడు, మెటఫర్ లేచి ఐరనీ చెప్పింది. చివరికి సిమిలీని లేపి హైపర్బొలీ అడిగారు.

"ఉన్నదాన్ని మస్తు పెద్దగ చేసి చెప్పుడు సార్. మా సారుకు రాని మాట ఇంగ్లీషులనే లేదు."

ఆమె ముఖంలో నవ్వు లేదు. తక్కిన తరగతి తలలు దించుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అధికారి ఇలాంటి తరగతిని ఎక్కడా చూడలేదని రిజిస్టర్లో రాశారు. "పద్ధతి మీదేనా?" అంటే అవునన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆయన జీపు గేటు దాటగానే పిల్లలు బల్లలు చరిచి గది అదరగొట్టారు. సద్దుమణిగాక సిమిలీని అడిగాను. "అందరికి అన్నీ ఎట్ల వచ్చినయ్?"

"మిరప కోతలకు సగం మంది పోయిండ్రు గద సార్. ఊడ్చే వంతుల రానోళ్ళది పక్కనోళ్ళు చేస్తం. పదాలు గూడ గట్లనే చేసినం. కోతలు అయ్యేసరికి అందరివి అందరికి వచ్చినయ్."

"మరి నా గురించి అట్ల చెప్పినవేంది?"

"మీ వంతు గూడ మేమే చేసినం గద సార్."

ఆ సాయంత్రమే వెనక బెంచీలో ఆక్సీమొరాన్ పక్కన కూర్చుని పాఠం నేర్చుకోవడం మొదలుపెట్టాను. తప్పిన ప్రతి పదానికి నేను ఒక వరస ఊడవాలని పిల్లలు తీర్పు చెప్పారు. వారం రోజులు గది తళతళలాడింది. తనిఖీ మర్నాడే పెద్దసారుకు నిజం చెప్పేస్తే, "పిల్లలకు వచ్చింది, నీకు గూడ రానియ్యి" అని వచ్చే ఏటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆ పాతికా నిద్రలో అడిగినా చెబుతాను. హైపర్బొలీ దగ్గరకు వచ్చినప్పుడల్లా సిమిలీ చెప్పిన వాక్యమే బోర్డు మీద రాస్తాను. పిల్లలు నవ్వుతారు. నేనూ బోర్డు వైపు తిరిగి, చేతిలో చీపురు పట్టుకున్న ఆ కుర్ర సారును చూసి కాసేపు నవ్వుకుంటాను.