మెదెర్బెక్ ఫ్లాస్కు

మా నారిన్ కోర్టులో మెదెర్బెక్ వకీలుకు ఉన్నది ఒకటే వాదన. ముద్దాయి బండిని ఎలా తోలినా, ఎక్కడ గుద్దినా, తప్పు కుమీస్‌దే. ఆ పులిసిన గుర్రపు పాలు మనిషిని అంతో ఇంతో ఊపుతాయి, నిజమే. కానీ ఏళ్ళ తరబడి అదే పాట టైపు చేసీ చేసీ నాకు ప్రాణం విసిగిపోయింది.

"అంత వేగం దేనికయ్యా?" అని జడ్జి జిపారా అడిగితే, "కుమీస్ తాగాడమ్మా, కడుపు తొందర చేసింది" అంటాడు. "కంచె పడగొట్టి ఆగకుండా పోయాడేం?" అంటే, "ఆ తొందర ఇంకా తీరలేదమ్మా" అంటాడు. సాక్ష్యంగా చంకలోని ఫ్లాస్కు ఎత్తి చూపిస్తాడు. ఆవిడ నవ్వలేక నవ్వి, జైలు తప్పించి లైసెన్సు రద్దు చేస్తుంది.

మొన్న మినీబస్సు డ్రైవరు సూయుంబై వంతు వచ్చింది. తాగి బస్సును గోడకు కొట్టాడు. ముందు సీట్లోని బూరుల్ అవ్వ కాలు విరిగింది. ఈసారి జైలు ఖాయమనుకున్నాం. నిండు నెలల అతని భార్య వెనక బెంచీలో ఒకటే ఏడుపు.

"నా క్లయింటు కుమీస్ తాగాడమ్మా."

"జేబులో వోడ్కా సీసా దొరికిందయ్యా."

"కుమీస్ పుల్లగా ఉందని కలుపుకున్నాడమ్మా."

ముందుగా నవ్వింది బూరుల్ అవ్వే. ఆవిడే నవ్వాక జడ్జి మాత్రం ఏం చేస్తుంది? అవ్వ వైద్యం ఖర్చు సూయుంబై నెత్తిన పడింది, లైసెన్సు పోయింది, జైలు తప్పింది.

బయట వకీలును నిలదీశాను. "అన్నా, తాగాడో లేదో చూసే గొట్టాన్ని పోలీసులు సాక్షి లేకుండా ఊదించారు. ఆ ఒక్క మాట అంటే కేసే నిలవదుగా. తెలీదా?"

"తెలుసే తల్లీ. విడిపిస్తే ఏం చేస్తావురా అని వాణ్ణే అడిగాను. రాత్రి తాగి పొద్దున తోలతానన్నాడు. లైసెన్సు పోతే పోనీ, జైలు మాత్రం తప్పించమని వాడే అన్నాడు."

"మరి వాళ్ళు తినేదేం?"

ఫ్లాస్కు చంకలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కాళ్ళీడ్చుకుంటూ బస్సెక్కితే, స్టీరింగు ముందు మెదెర్బెక్ కూర్చుని ఉన్నాడు. సూయుంబై టికెట్లు వసూలు చేస్తున్నాడు.

"కోర్టు తెరిచేదాకా నేను తోలతాను. ఇదివరకు లైసెన్సు పోయినవాళ్ళ బళ్ళూ ఇలాగే తోలాను" అన్నాడు వకీలు.

బస్సు గొర్రెల మంద వెనక పోతున్నట్టే పోతోంది. "ఒరే, ఈ కట్టు కాలితో నడిచినా ఈపాటికి చేరేదాన్ని" అని సణిగింది ముందు సీట్లోని బూరుల్ అవ్వ.

చలికి నేను వణుకుతుంటే వకీలు ఫ్లాస్కు అందించాడు.

"వద్దన్నా. కుమీస్ తాగితే టైపు చెయ్యలేను."

"తాగవే."

మూత తీశాను. వేడి వేడి టీ.

"బండి తోలేవాణ్ణి, చుక్క ముట్టొచ్చా? జడ్జిగారికి మాత్రం చెప్పకు తల్లీ" అన్నాడు. "నాకున్నది ఆ ఒక్క వాదనే."